జమా ఖర్చుల వివరణ: 2024 జనవరి 1 నుంచి డిసెంబర్ 31 వరకు

ఇది మా ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే) సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు బోర్డు ఇస్తున్న లెక్క. మొత్తాలన్నీ అమెరికన్ డాలర్లలో. సొమ్ము ఖాతాలో పడిన రోజునే జమ, ఖాతాలోంచి పోయిన రోజునే ఖర్చు రాశాం. అందుకే డిసెంబర్‌లో ఇన్వాయిస్ పంపి జనవరిలో అందుకున్న 5,000 స్పాన్సర్‌షిప్ ఇందులో లేదు.

ఆరంభ నిల్వ: 41,200

జమ
స్పాన్సర్ కంపెనీలు (మూడు): 60,000
భద్రతా ఆడిట్‌కు (కోడ్‌లో భద్రతా లోపాల తనిఖీకి) వచ్చిన గ్రాంటు: 30,000
వ్యక్తుల విరాళాలు: 18,400
సదస్సు టికెట్లు: 9,600
మొత్తం జమ: 1,18,000

ఖర్చు
మెయింటెయినర్ల (కోడ్‌ను చూసుకునేవారి) కాంట్రాక్టులు (ఇద్దరు): 54,000
భద్రతా ఆడిట్: 22,500
సదస్సు: 13,900
సర్వర్లు, డొమైన్లు, బిల్డ్ యంత్రాలు (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేవి): 8,300
అకౌంటెంటు, లాయరు, బీమా: 7,200
ట్రేడ్‌మార్క్: 1,470
కార్డు చెల్లింపుల రుసుములు: 1,130
మొత్తం ఖర్చు: 1,08,500

ముగింపు నిల్వ: 50,700

ఈ 50,700 అంతా మన చేతిలో ఉన్నట్టు కాదు. అందులో 7,500 ఆడిట్ గ్రాంటులో మిగిలింది. ఇచ్చినవారి షరతు ప్రకారం దాన్ని భద్రత పనికే వాడాలి. సర్వర్ బిల్లు కట్టడానికి కూడా ముట్టుకోకూడదు. బ్యాంకులో అంతా ఒకే ఖాతా కాబట్టి పుస్తకంలో దానికి వేరే పద్దు పెట్టాం. అది పోను వాడుకోదగ్గది 43,200. ఆడిట్ తీసేస్తే ఏడాది మామూలు ఖర్చు 86,000, అంటే నెలకు దాదాపు 7,170. పైసా జమ లేకపోయినా ఆరు నెలలు నడుస్తుంది. నిల్వ కరిగించి మూడో మెయింటెయినర్‌ను పెట్టుకోవచ్చు కదా అని చాలామంది అడిగారు. స్పాన్సర్ల 60,000లో 40,000 ఒకే కంపెనీ ఇచ్చింది, ఆ ఒప్పందం ఏడాదికోసారి తిరగరాయాలి. అందుకే వద్దనుకున్నాం.

రుసుముల పద్దు పోయినేడాది వివరణలో లేదు. అది తప్పే. రుసుము కోసుకుని బ్యాంకుకు చేరిన మొత్తాన్నే అప్పుడు జమగా రాశాం. దాంతో జమా తక్కువగా కనిపించింది, ఖర్చూ తక్కువగా కనిపించింది, నిల్వ మాత్రం సరిపోయింది. నిల్వ సరిపోయింది కాబట్టే ఎవరి కంటా పడలేదు. ఈసారి దాత కట్టిన పూర్తి మొత్తం జమలో, కోత ఖర్చులో ఉన్నాయి. కోత ఎలా పడుతుందో కూడా చూడండి. ప్రతి కార్డు చెల్లింపుకూ 2.9 శాతం, పైన 30 సెంట్లు. నెలకు 5 డాలర్లు ఇచ్చేవారి నుంచి ప్రతిసారీ 44 సెంట్ల పైనే పోతుంది, ఏడాదికి 5 డాలర్ల 34 సెంట్లు. అదే 60 డాలర్లు ఒక్కసారి ఇస్తే పోయేది 2 డాలర్ల 4 సెంట్లు. వీలున్నవారు ఏడాది చందాకు మారితే ఆ తేడా ప్రాజెక్టుకే మిగులుతుంది.

ఖర్చులో సగం మెయింటెయినర్లకే వెళ్లింది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అంటే ఇంటర్నెట్‌లో సమాచారాన్ని గుప్తంగా పంపడానికి ఎన్నో సైట్లు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడేనాటికి దానికి ఏడాదికి అందే విరాళాలు 2,000 డాలర్ల దరిదాపుల్లోనే ఉండేవి. కోడ్ చూసే మనిషికి డబ్బు ఇవ్వడం దుబారా అనేవారికి అంతకన్నా చెప్పేదేమీ లేదు. అయితే ఇక్కడ దాచకూడని సంగతి ఒకటుంది. ఆ ఇద్దరిలో ఒకరు ఈ బోర్డులోనే సభ్యులు, వారికి చెల్లించింది 26,000. ఆ తీర్మానం చర్చకు వచ్చినప్పుడు వారు సమావేశం నుంచి బయటికి వెళ్లారు, ఓటు వేయలేదు. అనుకూలం నాలుగు, వ్యతిరేకం ఒకటి. ఇతరుల నుంచి కొటేషన్లు పిలవలేదన్నది ఆ ఒక్క ఓటు వెనక అభ్యంతరం. అది సబబైనదే, మినిట్స్‌లో (సమావేశం నమోదులో) యథాతథంగా ఉంది. కాంట్రాక్టు పొడిగించే ముందు ఈసారి పిలుస్తాం.

సదస్సులో 4,300 నష్టం. వక్తల ప్రయాణ సాయం 5,200 లేకపోతే నష్టం ఉండేది కాదు, సగం మంది వక్తలూ ఉండేవారు కాదు.

ఒక క్లౌడ్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన 24,000 విలువైన క్రెడిట్లను (అంత విలువ మేర తన సర్వర్లు వాడుకునే వీలును) జమలో కలపలేదు. అవి రొక్కం కావు, గడువు దాటితే వాటంతటవే రద్దవుతాయి. కానీ అవి ఆగిన నెల నుంచే 8,300 ఉన్న సర్వర్ పద్దు ఎన్నో రెట్లవుతుంది, అందుకని వేరుగా చెబుతున్నాం.

అక్టోబర్ సమావేశం మినిట్స్ డిసెంబర్‌లో గానీ బయటికి రాలేదు. తర్వాతి సమావేశం ఆమోదించాకే ప్రచురించాలన్నది నియమం. నవంబర్‌లో ఏడుగురిలో ముగ్గురే వచ్చారు, నలుగురుంటే గానీ కోరం (సమావేశం చెల్లడానికి కావలసిన సంఖ్య) లేదు, దాంతో ఆమోదం ఆగిపోయింది. ఇకపై ఏడు రోజుల్లో 'చిత్తుప్రతి' అని రాసి ప్రచురిస్తాం, ఆమోదం తర్వాత ఆ మాట తీసేస్తాం. సిబ్బంది విషయాలు, లాయరు సలహా, ఇంకా సరిచేయని భద్రతా లోపాలు మాత్రం వివరంగా రాయం. చర్చ జరిగిందనీ, ఏం తీర్మానించామనీ, ఎంత ఖర్చుకు ఒప్పుకున్నామనీ రాస్తాం.

రశీదు జతచేయని 340 డాలర్ల ప్రయాణ బిల్లు ఒకటి ఇంకా చెల్లించలేదు. 60 రోజుల గడువులో రశీదు వస్తే ఆ మొత్తం 2025 ఖర్చులోకి వెళ్తుంది.