మన కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక 2021–22 (బాకీ పడ్డ 2020–21తో కలిపి)

సభ్యులందరికీ నమస్కారం. పోయినేడు సెకండ్ వేవ్ వల్ల సర్వసభ్య సమావేశం పెట్టలేకపోయాం, అందుకే రెండేళ్లదీ ఒకేసారి రాస్తున్నాను. నాకు నివేదిక రాయడం కంటే బోరు మోటారు రిపేరుకు మనిషిని వెతకడమే సులువు. తప్పులుంటే సమావేశంలో చెప్పండి, వాట్సాప్‌లో రాత్రి పదకొండుకు కాదు.

లెక్కలు కోశాధికారి చదువుతారు. నెలకు యాభై రూపాయల చందా సగం ఇళ్లే కడుతున్నాయి, అంతకంటే ఏం చెప్పను. కోవిడ్ అప్పుడు సంఘం డబ్బుతో కొన్న రెండు ఆక్సీమీటర్లలో ఒకటి ఎవరింట్లో ఉందో ఇప్పటికీ తేలలేదు, దయచేసి బీరువాలు చూసుకోండి.

ఇక అసలు సంగతి. మన మాజీ సంయుక్త కార్యదర్శి, మనమంతా టైలరక్క అని పిలిచే ఆవిడ, 2021 ఫిబ్రవరిలో మన వార్డు మెంబరుగా గెలిచింది. కొత్తగా ఇళ్లు కట్టుకుని వచ్చినవాళ్లు “ఏ పార్టీ తరఫున గెలిచిందన్నా” అని అడుగుతున్నారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఎవరి వెనకాల ఎవరున్నారో ఊరంతా చెప్పుకుంటుంది, అది వేరే సంగతి, అక్క వెనకాల మాత్రం మన సంఘం, ఒక లాంగ్ నోటుబుక్కు తప్ప ఏమీ లేవు.

ఆ నోటుబుక్కు చూడనివాళ్ల కోసం చెప్తున్నా. ముందు వైపు నుంచి తెరిస్తే జాకెట్ల కొలతలు, ఎవరిది ఏ పండగలోపు ఇవ్వాలో. వెనక వైపు నుంచి తెరిస్తే మన కాలనీ. ఏ స్తంభానికి లైటు లేదు, ట్యాంకరు ఏ రోజు రాలేదు, ఏ తేదీన ఎవరికి అర్జీ ఇచ్చాం, ముద్ర వేసిచ్చారా లేదా. మనం అనంతపురం టౌన్ పక్కనే ఉన్నా కార్పొరేషన్‌లో లేం, పంచాయతీలో ఉన్నాం. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు అయిపోయాక రెండున్నరేళ్లు స్పెషల్ ఆఫీసర్ల పాలనే, అడగడానికి సర్పంచి లేడు, మెంబరు లేడు. అక్క సోమవారం మిషను ఆపేసి కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే స్పందన కార్యక్రమానికి పోయి క్యూలో నిలబడడం అప్పుడు మొదలైంది. మనం “అక్కా, మా సందులో లైటు గురించి కూడా రాసివ్వక్కా” అని ఇంట్లోంచే చెప్పేవాళ్లం. నేనూ చెప్పాను.

అందరికీ ఆవిడ తెలిసింది మాత్రం పార్కు స్థలం గొడవతో. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం పంచాయతీకి ఇవ్వాలని రూలు. మన కాలనీలో ఆ స్థలం ఎక్కడుందో మనకే సరిగ్గా తెలియదు, ఒకరోజు పొద్దున లేచి చూస్తే మూల మీది ఖాళీలో రాతి కూసాలు పాతి ముళ్లకంచె కట్టేశారు. అడిగితే “మాది, కాగితాలున్నాయి” అన్నారు. మనవాళ్లు నలుగురు పోయి అరిచి వచ్చారు. అక్క అరవలేదు, సమాచార హక్కు కింద లేఅవుట్ నకలు కావాలని అర్జీ పెట్టింది. పంచాయతీ స్థాయిలో ఆ దరఖాస్తుకు ఫీజు కూడా లేదు, ఈ సంగతి మనలో ఎంతమందికి తెలుసు? ముప్పై రోజులు దాటినా జవాబు రాలేదు, అప్పీలు వేసింది, చివరికి మడతల్లో చిరిగిపోతున్న నకలు వచ్చింది. దాన్ని గుడ్డ మీద గీత గీసినట్టే చాక్‌పీసుతో రోడ్డు మీద గీసి, టేపు పట్టి కొలిచి, కూసాలు ఎన్ని అడుగులు లోపలికొచ్చాయో పెద్దమనుషుల ముందు చూపించింది. టైలరు కొలతకు ఎవడు ఎదురు చెప్తాడు. వారంలో కూసాలు పీక్కుపోయారు. గుంతలు మనమే పూడ్చుకున్నాం.

ఎన్నికల్లో నిలబడాలని ఆవిడకు ఆలోచన లేదు, ఈ మాట నేను సాక్ష్యంగా చెప్పగలను. వార్డు మహిళా రిజర్వేషన్ వచ్చేసరికి మన అధ్యక్షుల వారి ఉత్సాహం అక్కడే ఆగింది. తర్వాత అనుకున్న ఇంకో అక్కకు ముగ్గురు పిల్లలు, అప్పుడున్న ఇద్దరు పిల్లల నిబంధన అడ్డమైంది. అసలు ఎన్నికలు ఉంటాయో లేదో అని జనవరి అంతా టెన్షన్, 25న సుప్రీంకోర్టు తేల్చాక గానీ ఎవరూ నమ్మలేదు. అప్పుడు రాత్రికి రాత్రి టైలరక్క ఇంటికి పోయి కూర్చున్నాం. ఆవిడ “నాకు పెండ్లి ఆర్డర్లున్నాయి, నన్ను వదిలేయండి” అంది. వాళ్లాయన ఆటో పక్కన నిలబడి “నిలబడు మే, ఎట్లా రోజూ తిరుగుతానే ఉండావు కదా” అన్నాడు. నామినేషన్‌కు డిపాజిట్ బీసీ కాబట్టి సగమే. ఇంటిపన్ను బకాయి ఉంటే నామినేషన్ పోతుందని ఎవరో చెప్తే అదీ అదే రోజు పరుగెత్తి కట్టాం.

ప్రచారం గురించి పెద్దగా రాయను. మనం ఉగ్గాని, బజ్జీ పెట్టాం, అవతలివాళ్లు కవర్లు పంచారు. ఆ కవర్లు మన సభ్యుల్లోనూ కొందరు తీసుకున్నారు, పేర్లు రాయను, తీసుకుని కూడా అక్కకే వేశామని వాళ్లే చెప్పారు కాబట్టి వదిలేద్దాం. పోలింగ్ మధ్యాహ్నం మూడున్నర దాకా, నాలుగు గంటలకు కౌంటింగ్. సర్పంచివి గులాబీ బ్యాలెట్లు, వార్డువి తెల్లవి. తెల్ల కాగితాల కట్టలు విప్పి వేరు చేస్తుంటే అక్క నా పక్కన నిలబడి చీర కొంగు అంచు మడిచి, విప్పి, మళ్లీ మడుస్తూ ఉంది. పదకొండు ఓట్ల తేడాతో గెలిచింది. అవతలివాళ్లు మళ్లీ లెక్కపెట్టమన్నారు, మళ్లీ పదకొండే.

గెలిచాక ఏమైంది? నిజం రాస్తాను. వార్డు మెంబరుకు జీతం లేదు, సొంతంగా ఖర్చుపెట్టే నిధి లేదు, ఉన్నది సమావేశంలో మాట్లాడే హక్కు, తీర్మానం మీద సంతకం. మొదట్లో పంచాయతీ నుంచి ఫోన్ వాళ్లాయనకే వచ్చేది. ఆయన “నేను ఆటోలో ఉండాను, మెంబరుకు చేయండి” అని పెట్టేసేవాడు, ఆ అలవాటు పోవడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పట్లో పింఛను, రేషను గ్రామ వాలంటీరు చేతిలో ఉండేవి కాబట్టి జనం అటే పోయేవాళ్లు. కేంద్రం నుంచి వచ్చే ఫైనాన్స్ కమిషన్ నిధుల్లో అరవై శాతం నీళ్లకూ పారిశుధ్యానికే వాడాలని అప్పటి రూలు, మిగిలినదాంట్లో మన రోడ్డు అడిగితే కరెంటు బకాయిలకు పోయిందన్నారు. నవంబరు వానలకు రెండో వీధిలో నీళ్లు నిలిచినప్పుడు కొందరు అక్క ఇంటి ముందు అరిచారు. జేసీబీకి డీజిల్ ఆవిడే పోసింది, ఆ బిల్లు సంఘానికి ఇవ్వలేదు, అడిగితే “లేదులే” అంది. ఇది పద్ధతి కాదు, కోశాధికారి ఆ డబ్బు ఇప్పించాలని నా మాట.

అయింది ఏమిటంటే, ఆరు స్తంభాలకు లైట్లు, బోరుకు కొత్త స్టార్టరు, పార్కు స్థలం పంచాయతీదని తీర్మానం, అక్కడ బోర్డు. గోడ కాలేదు.

గెలిచిన నెలలోనే ఆవిడ సంయుక్త కార్యదర్శి పదవికి రాజీనామా ఇచ్చింది. సంఘం అర్జీ మీదా, అది తీసుకునే చోటా నేనే ఉంటే ఎట్లా అని. కొందరికి అది నచ్చలేదు, ఉంటే పనులు తొందరగా అవుతాయన్నారు. నాకైతే ఆవిడ చెప్పిందే సబబనిపించింది. పోయిన నెల డ్రైనేజీ అర్జీ ఇవ్వడానికి పోతే చదివి, “తేదీ వేయలేదు, వేసి మళ్లీ ఇవ్వండి” అని నాకే తిప్పిచ్చింది.

ఆ పదవి ఏడాదిగా ఖాళీ. ఆదివారం సాయంత్రం ఐదింటికి సమావేశంలో ఎన్నుకోవాలి. దరఖాస్తులు కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఇంతవరకు ఒక్కటీ పూర్తిచేసి ఇవ్వలేదు.

మీ కార్యదర్శి