జానీ క్లెగ్ పాటల వెంట ఒక ఏడాది: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, బతుకమ్మ, దీపావళి ఎప్పటిలాగే జరుపుకున్నాం. పిల్లల తెలుగు బడి సజావుగా సాగింది. జమాఖర్చుల పట్టిక విడిగా పంచుతున్నాం, దాన్ని కోశాధికారి గారు వివరిస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు ఈ ఏడాది మొదలుపెట్టిన కొత్త పనికే ఇస్తున్నాను.

జోహన్నెస్‌బర్గ్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నాం, ఈ నేల పాట ఒక్కటైనా మనకు వచ్చా అని నిరుడు సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు. ఎవరి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న వల్లనే నెలకో శనివారం సాయంత్రం కలిసి దక్షిణాఫ్రికా గాయకుడు జానీ క్లెగ్ పాటలు వినాలని, ఆయన జీవితం గురించి తెలుసుకోవాలని కార్యవర్గం తీర్మానించింది. మనలాగే ఆయన కూడా బయటి నుంచి ఈ ఊరికి వచ్చినవారు.

క్లెగ్ 1953లో ఇంగ్లండ్‌లో పుట్టారు. తల్లి గాయని. చిన్నతనంలోనే ఆమె వెంట ఆఫ్రికా చేరారు. పద్నాలుగేళ్ల వయసులో ఇక్కడి యోవిల్ ప్రాంతంలో చార్లీ మ్జిలా గిటారు విన్నారు. మ్జిలా అపార్ట్‌మెంట్లు శుభ్రం చేసి బతికే జూలూ తెగ కార్మికుడు. పల్లెలు వదిలి పనికోసం వచ్చిన జూలూలు పాశ్చాత్య గిటారు తీగలను తమ పాటకు తగినట్టు శ్రుతి మార్చుకుని వాయించేవారు. ఆ వాయిద్యాన్ని, దానితోపాటు భాషను, నృత్యాన్ని క్లెగ్ మ్జిలా వెంట తిరిగి నేర్చుకున్నారు. వలస కార్మికుల హాస్టళ్లలోకి తెల్లవారు అనుమతి లేకుండా వెళ్లడం అప్పటి వర్ణవివక్ష చట్టాల ప్రకారం నేరం. అందుకే పదిహేనేళ్లకే ఆయన్ని పోలీసులు పట్టుకున్నారు.

ఆ తర్వాత పరిచయమైనవారు సిఫో మ్చును. తోటపని చేసే సిఫో, జూలూ గిటారు వాయించే తెల్ల కుర్రవాడి సంగతి విని, పోటీకి రమ్మంటూ వెతుక్కుంటూ వచ్చారు. పోటీ స్నేహంగా మారింది, స్నేహం ‘జులుకా’ బృందమైంది. జులుకా అంటే జూలూ భాషలో చెమట. సిఫో ఎద్దు పేరు కూడా అదే. వారి మొదటి ఆల్బమ్ 1979లో వచ్చింది. నల్లవారు, తెల్లవారు కలిసి ఒక వేదిక ఎక్కడమే కష్టమైన కాలమది. చర్చిలు, విశ్వవిద్యాలయాలు, కార్మికుల హాస్టళ్లు వారికి వేదికలయ్యాయి. ప్రభుత్వ రేడియో ఒక్కో భాషకు ఒక్కో కేంద్రం పెట్టింది. ఇంగ్లీషు, జూలూ ఒకే పాటలో కలిపితే భాషను అవమానించినట్టేనని ప్రసారానికి నిరాకరించేది. ఈ సంగతి విన్నాక మా తెలుగు బడి ఉపాధ్యాయులం చాలాసేపు మాట్లాడుకున్నాం. పిల్లలు రెండు భాషలు కలిపి మాట్లాడితే గద్దించకుండా, తెలుగు మాటను పక్కన అందించాలని నిర్ణయించాం. నా దృష్టిలో ఈ ఏడాది బడిలో వచ్చిన మంచి మార్పు ఇదే.

ఇక్కడొక అభ్యంతరం కూడా రాయాలి. జూలూ పాట వినాలంటే జూలూ గాయకులనే వినవచ్చు కదా, తెల్లవారి పాట ఎందుకని ఇద్దరు సభ్యులు అడిగారు. న్యాయమైన ప్రశ్న. క్లెగ్ తన గురువుల పేర్లను ఎన్నడూ దాచలేదన్నదే నా సమాధానం. అయినా ఆ అభ్యంతరాన్ని గౌరవించి, వచ్చే ఏడాది మస్కందీ (జూలూల గిటారు జానపద సంగీతం) గాయకులతోనే మొదలుపెడుతున్నాం.

1985లో జులుకా ఆగిపోయింది. సిఫో పశువులు చూసుకోవడానికి ఊరికి వెళ్లిపోయారు. క్లెగ్ ‘సవుకా’ బృందాన్ని కట్టి, జూలూ లయలకు రాక్ సంగీతాన్ని మరింత దగ్గర చేశారు. 1987లో ‘అసింబోనంగా’ వచ్చింది. ఆ పాట విన్న సాయంత్రం గురించి వివరంగా రాస్తాను. పాట సగంలో ఉండగా కరెంటు పోయింది. హాలు కాపలా చూసే పెద్దాయన లైటు పట్టుకుని లోపలికి వచ్చారు. జూలూలు పెద్దవారిని ‘బాబా’ అంటారు, మేమూ అలాగే పిలుస్తాం. ‘అసింబోనంగా’ అన్న మాటకు అర్థమేమిటని అడిగితే ఆయన లైటు బల్లమీద పెట్టి, వేళ్ల మీద లెక్కపెడుతూ మాటను విడదీశారు. ‘బోన’ అంటే చూడటం. మనం రోజూ వినే పలకరింపు ‘సావుబోనా’లో ఉన్నదీ అదే, నిన్ను చూశాం అని. అసింబోనంగా అంటే మేం అతన్ని చూడలేదు అని. చెరలో ఉన్న మండేలా ఫొటోలు అచ్చువేయడం అప్పట్లో నిషేధం. ఒక తరానికి ఆయన ముఖమే తెలియదు. చిన్నప్పుడు తానూ ఆ ముఖం ఎరగనని బాబా అన్నారు. ఎవరమూ మాట్లాడలేదు. ఆ పాటలోనే స్టీవ్ బికో, విక్టోరియా మ్షెంగే, నీల్ ఆగెట్ పేర్లు వస్తాయి. పోరాటంలో ప్రాణాలు పోగొట్టుకున్నవారు వాళ్లు.

మరుసటి నెల 1999 నాటి ఫ్రాంక్‌ఫర్ట్ కచేరీ వీడియో చూశాం. అదే పాట పాడుతుండగా జనం ఒక్కసారిగా హోరెత్తుతారు. క్లెగ్ వెనక్కి తిరిగితే మండేలా చిందులేస్తూ వేదిక మీదికి వస్తున్నారు. మా పిల్లలు ఆ భాగం మూడుసార్లు పెట్టించుకున్నారు.

క్లెగ్ ఇక్కడి విట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం చదివారు, బోధించారు. ఆయనకు ఆత్మీయుడు, వర్ణవివక్షను ఎదిరించిన అధ్యాపకుడు డేవిడ్ వెబ్‌స్టర్‌ను 1989 మే 1న ట్రోయ్‌విల్‌లో ఇంటి ముందే కాల్చి చంపారు. 1992లో సవుకా నర్తకుడు డూడూ జూలూ కూడా హత్యకు గురయ్యారు. అతని కోసం క్లెగ్ రాసిన పాట విన్న రోజు చర్చ పెట్టుకోలేదు. 2015లో క్లెగ్‌కు క్లోమ క్యాన్సర్ అని తేలింది. ఆ జబ్బుతోనే వీడ్కోలు కచేరీలు చేశారు. 2019 జూలై 16న ఈ ఊళ్లోనే కన్నుమూశారు.

చివరి రెండు నెలల్లో తెలుగు బడి అయ్యాక పెద్దలకు జూలూ తరగతి ప్రారంభించాం. హాలు కాపలా చూసే బాబా గారే గురువు. ఆయనకు గౌరవ వేతనం ఇవ్వాలన్న తీర్మానాన్ని ఈ సభ ఆమోదానికి పెడుతున్నాం. దయచేసి అందరూ మద్దతివ్వండి. మన ఇళ్లలో పనిచేసే వారిని వారి భాషలో పలకరించడం, యోగక్షేమాలు అడగడం ఇప్పటివరకు నేర్చుకున్నాం. తరగతిలో చేరదలచినవారు బయట బల్లమీద ఉన్న పుస్తకంలో పేరు రాయండి.

– కార్యదర్శి