నగరిలోని అద్దకం షెడ్డులో అమర్చిన ఫెంటన్ రియాక్టరుపై ఫిర్యాదు

నగరి,
చిత్తూరు జిల్లా.

సర్వీసు విభాగం మేనేజర్ గారికి,

విషయం: 10 వేల లీటర్ల ఫెంటన్ రియాక్టరులో పీహెచ్ ప్రోబ్ తప్పు చోట ఉండటం, పెరాక్సైడ్ వృథా కావడం, పెరాక్సైడ్ లైనులో ప్రమాదం.

అయ్యా,

అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో అద్దకం నీళ్లను శుద్ధి చేయడానికి మీరు బిగించిన ఫెంటన్ రియాక్టరులో రంగు పోతోంది, సీఓడీ (నీళ్లలోని మలినాలను కాల్చడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత) దిగడం లేదు. రంగు పోయింది కాబట్టి యూనిట్ బాగానే ఉందని మీ టెక్నీషియన్ రిపోర్టులో రాసి వెళ్లారు. అది ఒప్పుకోలేం. అద్దకం రంగు అణువులో రంగునిచ్చే ఏజో బంధం (రెండు నైట్రోజన్ల జోడీ) మొదటి దెబ్బకే తెగుతుంది. తెగిన ముక్కలు నీళ్లలోనే ఉంటాయి, వాటినీ కాల్చాలనే కదా ఈ యూనిట్ కొన్నది. బట్టల పరిశ్రమ నీళ్లకు 2016లో కేంద్రం పెట్టిన హద్దు సీఓడీ లీటరుకు 250 మిల్లీగ్రాములు. మా దగ్గర రియాక్టరు దాటాక 460 చూపిస్తోంది. గాలి ఊది బ్యాక్టీరియాతో నీళ్లు శుద్ధి చేసే వెనకున్న ఏరేషన్ ట్యాంకు మిగతాది చూసుకుంటుందని మీరన్నారు. ఆ ట్యాంకులో బ్యాక్టీరియా చచ్చిపోతోంది.

మూడుసార్లు ఫోన్ చేశాం. మూడుసార్లూ ఒకటే జవాబు: పెరాక్సైడ్ పెంచండి. బ్యాచ్‌కు 25 లీటర్ల నుంచి 40కి, 40 నుంచి 60కి పెంచాం. ఒక్కసారి లెక్క వేసి చూడండి. లోపలికొచ్చే నీళ్ల సీఓడీ లీటరుకు 1200 మిల్లీగ్రాములు. అంటే 10 వేల లీటర్ల బ్యాచ్‌లో 12 కిలోలు. ఒక కిలో సీఓడీకి 2.125 కిలోల పెరాక్సైడ్ కావాలి, అంటే మొత్తాన్నీ తీసేయడానికి 25.5 కిలోలు చాలు. 50 శాతం పెరాక్సైడ్ లీటరులో అసలు సరుకు దాదాపు 600 గ్రాములుంటుంది కాబట్టి 60 లీటర్లంటే 36 కిలోలు. కావాల్సినదానికంటే ఎక్కువ పోసినా సీఓడీ మిగిలిందంటే పెరాక్సైడ్ చాలక కాదు, అది పని చేయక.

ఎందుకు పని చేయడం లేదో మేమే వెతికాం. పీహెచ్ (ఆమ్లత) కొలిచే మీ ప్రోబ్ నీటి మట్టానికి జానెడు కింద, యాసిడ్ పడే పైపు పక్కనే ఉంది. డిస్‌ప్లేలో 3.0 కనిపిస్తున్న నిమిషంలోనే కింది వాల్వు నుంచి నీళ్లు పట్టి చేతి మీటరుతో చూస్తే 5.2 ఉంది. మీటరును ముందుగానే పీహెచ్ 4, 7 ఉన్న బఫర్ ద్రావణాలతో సరిచేసుకున్నాం. నీళ్లు కలిపే ఆజిటేటరు రెక్క మరీ పైకి ఉండటంతో యాసిడ్ అడుగుదాకా కలవడం లేదు. అన్నభేదిలోని ఇనుము పీహెచ్ 2.8 నుంచి 3.5 మధ్య ఉంటేనే పెరాక్సైడ్‌ను హైడ్రాక్సిల్ రాడికల్‌గా, అంటే మలినాలను కాల్చే చురుకైన కణంగా, విరుస్తుంది. 4 దాటితే ఇనుము తుప్పు రంగు బురదై కింద కూర్చుంటుంది. పెరాక్సైడ్ మాత్రం ఊరికే ఆక్సిజన్, నీళ్లుగా విడిపోతుంది.

ఇంకో సంగతి. రియాక్టివ్ రంగుల అద్దకంలో సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వాడతామని ఎంక్వైరీలోనే రాశాం. యాసిడ్ పోయగానే కార్బొనేట్ నురగెత్తుతుంది, పీహెచ్ 3కి దిగుతుంది, పది నిమిషాలకు మళ్లీ 4.5కి ఎక్కి కూర్చుంటుంది. మీ ఆపరేషన్ షీటులో యాసిడ్ ఆగిన వెంటనే పెరాక్సైడ్ పంపు ఆన్ చేయమని ఉంది. గ్యాసు పోయేదాకా కలిపి, మరోసారి యాసిడ్ సరిచూసుకొని, అన్నభేది కరిగాక అప్పుడు పెరాక్సైడ్ మొదలుపెట్టాలి. అదీ ఒక్కసారిగా కాదు, గంటపాటు కొద్దికొద్దిగా. ఒకేసారి గుమ్మరిస్తే పుట్టిన రాడికల్‌ను మిగిలిన పెరాక్సైడే తినేస్తుంది.

60 లీటర్లు పోశాక, యాసిడ్‌ను కాస్టిక్ సోడాతో విరిచే న్యూట్రలైజేషన్ ట్యాంకులో ఏం జరిగిందో ఫొటో పంపాం, మళ్లీ చూడండి. కాస్టిక్ పోయగానే దిగాల్సిన ఎర్ర బురద పులిసిన పిండిలా పొంగి పైకి తేలింది. చేత్తో తీసి చూస్తే ప్రతి రేకుకూ చిన్న బుడగలు అంటుకొని ఉన్నాయి. మిగిలిపోయిన పెరాక్సైడ్ ఆక్సిజన్‌గా మారి బురదను లేపేస్తోంది. పెరాక్సైడ్ కొలిచే స్ట్రిప్ ముంచితే లీటరుకు సుమారు 380 మిల్లీగ్రాములు చూపింది. ఏరేషన్ ట్యాంకులో బ్యాక్టీరియాను చంపుతున్నది ఇదే. పరీక్షలోనూ ఇదే అడ్డం పడుతోంది: సీఓడీ కొలిచే డైక్రోమేట్ పరీక్షలో ఒక మిల్లీగ్రాము పెరాక్సైడ్ 0.47 మిల్లీగ్రాముల సీఓడీగా లెక్కకొస్తుంది. ఒకే నమూనాను రెండుగా చేసి, ఒకదానికి కాస్టిక్ పోసి, వేడి చేసి, స్ట్రిప్ సున్నా చూపాకే పరీక్షకు ఇచ్చాం. అది 280 వచ్చింది, రెండోది 460. తేడా 180 దాదాపుగా పెరాక్సైడ్‌దే. మీరు పెంచమన్న కొద్దీ ఆ అంకె మీరే పెంచుతున్నారు.

ఇప్పటిదాకా చెప్పింది డబ్బు నష్టం. ఇక చెప్పేది ప్రాణాలకు సంబంధించింది. పెరాక్సైడ్ లైనులో ఇత్తడి నిపుల్ (పైపు అతుకు ముక్క) పెట్టారు, అది ఆకుపచ్చగా మారింది. ఇత్తడిలో రాగి ఉంటుంది. రాగి తగిలితే పెరాక్సైడ్ తనంతట తానే విరిగిపోతుంది. ఆ పక్కనే రెండు బాల్ వాల్వులున్నాయి. రెండూ మూస్తే మధ్యలో చిక్కిన పెరాక్సైడ్‌కు దారి ఉండదు. ఒక్క లీటరు నుంచి దాదాపు 200 లీటర్ల ఆక్సిజన్ పుడుతుంది, ఆ ఒత్తిడికి వాల్వు పగలవచ్చు. డ్రమ్ముకు గాలి పోయే మూత తీసి మామూలు మూత బిగించారు, డ్రమ్ము ఉబ్బింది. ఆ లైను వాడకం మేం ఆపేశాం. మీరు వచ్చి మార్చేదాకా మళ్లీ వాడేది లేదు.

ప్రోబ్‌ను కింది సర్క్యులేషన్ లైనులోకి మార్చాలి, ఆజిటేటరు రెక్క దించాలి. పీహెచ్ పది నిమిషాలపాటు 3.5 లోపు నిలబడితేనే పెరాక్సైడ్ పంపు ఆడేలా ఇంటర్‌లాక్ పెట్టాలి. ఇత్తడి ముక్కలన్నీ తీసి ఎస్ఎస్ 316 (స్టెయిన్‌లెస్ స్టీలు) వేయాలి, వాల్వులు వెంట్ రంధ్రం ఉన్నవే కావాలి. ఆపరేషన్ షీటు తిరగరాయాలి. అందులో స్ట్రిప్ పరీక్ష తప్పనిసరి అని, స్ట్రిప్ సున్నా అయ్యాకే ఏరేషన్‌కు వదలాలని ఉండాలి. జార్ టెస్టు (నమూనా నీళ్లతో చిన్న పాత్రల్లో మోతాదులు తేల్చే పరీక్ష) కూడా మళ్లీ చేయాలి. మీ ట్రయల్ రిపోర్టులో ఉన్నవి కడుగు నీళ్లు మాత్రమే, అందులో క్లోరైడ్ కొలిచిన దాఖలా లేదు. అసలు డైబాత్‌లో (బట్ట అద్దే రంగు నీళ్లలో) ఉప్పు బోలెడు ఉంటుంది, ఆ క్లోరైడ్ కూడా రాడికల్‌ను పట్టేస్తుంది.

ఇవన్నీ 15 రోజుల్లో పూర్తి చేయాలి. అప్పటిదాకా ఒప్పందంలో మిగిలిన 10 శాతం సొమ్ము చెల్లించం, గడువు దాటితే లాయరు నోటీసు వస్తుంది. ఇక్కడ శుద్ధి తప్పిన నీళ్లు చేరేది కుశస్థలి నదికే, కాబట్టి ప్రస్తుతం రోజుకు ఒక్క బ్యాచే అద్ది, ఆ నీళ్లు ట్యాంకులో నిలవ చేస్తున్నాం. ఆ ట్యాంకు నిండేలోపు రండి. డైబాత్ విడిచే రోజు పొద్దున్నే వస్తే జార్ టెస్టుకు అసలైన నమూనా అక్కడికక్కడే పట్టిస్తాం.

ఇట్లు,
అద్దకం యూనిట్ నిర్వాహకులు,
నగరి.