ఫార్మాట్ కొట్టే ముందు డంప్ ఫైలు తెరవండి

గౌరవనీయ సంపాదకులకు నమస్కారం.

వినాయక చవితి, బతుకమ్మ పాటల పని ఊపందుకుందంటే హైదరాబాద్‌లో కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు ఒక్క గది స్టూడియోలు అర్ధరాత్రి దాటినా నడుస్తూనే ఉంటాయి. వాటిలో పెద్ద కన్సోళ్లు ఉండవు. ఒక ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్‌ల సౌండ్ కార్డు, కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్లు, చిన్న కీబోర్డు ఉంటాయి. జానపద పాట మొత్తం వాటి మీదే తయారవుతుంది. కోరస్ వాళ్లు వచ్చి మైకు ముందు నిలబడ్డాక ల్యాప్‌టాప్ గర్రుమని ఒకే శబ్దం దగ్గర ఇరుక్కుపోయిందంటే వాళ్ల పేమెంటూ, స్టూడియో అద్దే, అందరి సమయమూ పోయినట్టే. మర్నాడు రిపేరు షాపుకు తీసుకెళ్తే తరచుగా వినపడే మొదటి మాట ‘ఫార్మాట్ కొడదాం’. ఆ అలవాటు మారాలని కోరుతూ రాస్తున్న ఉత్తరమిది.

ఫార్మాట్ కొడితే ముందుగా పోయేది సాక్ష్యం. బ్లూ స్క్రీన్ (విండోస్ మొత్తం కూలిపోయినప్పుడు వచ్చే నీలి తెర) వచ్చినప్పుడు, ఏ డ్రైవర్ (పరికరాన్ని విండోస్‌తో కలిపే చిన్న సాఫ్ట్‌వేర్) దగ్గర దెబ్బ తగిలిందో విండోస్ డంప్ అనే ఒక చిన్న ఫైల్లో రాసి పెట్టుకుంటుంది. డిస్కు తుడిచేస్తే ఆ రాత కూడా పోతుంది. రెండో నష్టం లైసెన్సులది. చాలా ప్లగిన్లు (పాట చేసే సాఫ్ట్‌వేర్‌కు అదనంగా తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఇన్ని కంప్యూటర్లకు మాత్రమే అని లెక్క పెట్టుకుంటాయి. ముందు డీయాక్టివేట్ చేయకుండా ఫార్మాట్ కొడితే, కొన్ని కంపెనీల లెక్కలో పాత కంప్యూటర్ అలాగే ఉండిపోయి, కొత్త విండోస్ మరో కంప్యూటర్‌గా చేరుతుంది. ఇంత నష్టపోయినా జబ్బు పోతుందన్న హామీ లేదు. కొత్తగా వేసిన విండోస్ కూడా అవే పవర్ సెట్టింగులతో, చాలాసార్లు అదే వైఫై డ్రైవర్‌తో మొదలవుతుంది.

అసలు ఏం పడిపోయిందో ముందు తేల్చుకోవాలి. ‘ఆడియో క్రాష్’ అని ఒకే పేరుతో పిలిచేవి నిజానికి మూడు వేర్వేరు జబ్బులు. పాట చేసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే మూసుకుపోయి, విండోస్ బాగానే ఉంటే తప్పు ప్లగిన్‌దో, ఆసియో డ్రైవర్‌దో అయి ఉంటుంది. స్టైన్‌బర్గ్ కంపెనీ తెచ్చిన ఈ ఆసియో పద్ధతిలో డ్రైవర్ పైభాగం సాఫ్ట్‌వేర్ లోపలే లోడ్ అవుతుంది, అందుకే అది చెడితే సాఫ్ట్‌వేర్‌ను కూడా తనతో లాక్కుపోతుంది. సాఫ్ట్‌వేర్ నడుస్తూనే శబ్దం మాత్రం ఆగిపోయి, సౌండ్ కార్డు పేరు జాబితాలోంచి మాయమైతే ముందు యూఎస్‌బీని అనుమానించాలి. మొత్తం ల్యాప్‌టాప్ నీలి తెరతో (విండోస్ 11 కొత్త వెర్షన్లలో నల్ల తెరతో) కూలిపోతే అది ఎక్కువగా విండోస్ కెర్నల్ (విండోస్ లోపలి గుండెకాయ లాంటి భాగం) లోపల నడిచే డ్రైవర్ పని. అది సౌండ్ డ్రైవరే కానక్కర్లేదు.

సాక్ష్యం చూడటానికి ఐదు నిమిషాలు చాలు. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే ఏ రోజు ఏది పడిపోయిందో ఎర్ర గుర్తులతో కనిపిస్తుంది. ఆ గుర్తులకు ముందు రోజు ఏ అప్‌డేట్ వచ్చిందో కూడా అక్కడే ఉంటుంది. తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్ విభాగానికి వెళ్లి, 1000 నంబరు ఎర్రర్లు చూడాలి. ‘ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్’ అన్న వరుసలో ప్లగిన్ పేరుంటే ఆ ప్లగిన్‌ను ఫోల్డర్ నుంచి తీసి పక్కన పెట్టి ప్రాజెక్టు తెరవాలి. అక్కడ ‘ఎన్‌టీడీఎల్ఎల్’ అని ఉంటే మాత్రం దాన్నే దోషి అనుకోవద్దు. అది విండోస్ సొంత ఫైలు, ఎవరో చేసిన తప్పు దాని దగ్గర బయటపడి ఉంటుంది.

బ్లూ స్క్రీన్ అయితే సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల మినీడంప్ అన్న ఫోల్డర్ ఉంటుంది. అందులోని ఫైళ్లను నిర్‌సాఫ్ట్ వారి ఉచిత బ్లూస్క్రీన్‌వ్యూతో తెరిస్తే డ్రైవర్ ఫైలు పేరు, స్టాప్ కోడ్ (ఏ రకం క్రాషో చెప్పే అంకె) కనిపిస్తాయి. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ విన్‌డీబగ్ ఉంది. స్టాప్ కోడ్ చివర 9ఎఫ్ ఉంటే, నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో ఏదో డ్రైవర్ జవాబివ్వలేదని అర్థం. 133 ఉంటే ఒక డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టుకుని గడువు దాటినా వదల్లేదని. డీ1 అయితే డ్రైవర్ తాను ముట్టకూడని సమయంలో ముట్టకూడని మెమరీని ముట్టుకుందని.

మినీడంప్ ఖాళీగా ఉంటే రెండు సంగతులు చూడాలి. ల్యాప్‌టాప్ వేగం పెరుగుతుందని ఎవరో చెబితే పేజింగ్ ఫైలు (మెమరీకి తోడుగా విండోస్ డిస్కులో వాడుకునే ఫైలు) తీసేసినవాళ్లు చాలామంది. అది లేకపోతే మామూలు సెట్టింగుల్లో విండోస్ డంప్ రాయలేదు. దాన్ని మళ్లీ ‘సిస్టమ్ మేనేజ్డ్’లో పెట్టి, తర్వాతి క్రాష్ వరకు ఆగాలి. రెండోది, ఈవెంట్ వ్యూయర్ సిస్టమ్ విభాగంలో ‘కెర్నల్ పవర్ 41’ ఒక్కటే ఉండి, దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని కనిపిస్తే, బ్లూ స్క్రీన్ నమోదు కాకుండానే యంత్రం ఆరిపోయిందని అర్థం. అప్పుడు డ్రైవర్ల జోలికి పోయే ముందు బ్యాటరీ, అడాప్టర్, వేడి చూసుకోవాలి.

చిటపటలు, టక్కుటక్కుమనే శబ్దాలు, తరచూ వచ్చే డ్రాపౌట్ల (శబ్దం మధ్యలో తెగిపోవడాల) వెనక ఉన్న లెక్క తెలిస్తే సగం ఖర్చు తప్పుతుంది. శాంపిల్ రేటు (శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క) 48,000 దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (ఒక విడత శబ్దాన్ని నింపి ఉంచే చోటు) అంటే 2.67 మిల్లీసెకన్లు. అంతలోపల ప్రాసెసర్ తర్వాతి విడత శబ్దాన్ని సిద్ధం చేసి అందించాలి. వైఫై డ్రైవర్ మధ్యలో దూరి ప్రాసెసర్‌ను 4 మిల్లీసెకన్లు పట్టుకుంటే బఫర్ ఖాళీ అయిపోతుంది, మనకు టక్కుమని వినపడుతుంది. బఫర్ 512కు పెంచితే 10.67 మిల్లీసెకన్ల వ్యవధి దొరుకుతుంది కాబట్టి అదే ఆటంకం వినపడకుండా దాటిపోతుంది. లక్ష రూపాయల కొత్త ల్యాప్‌టాప్ కొన్నా చిటపట పోలేదని బాధపడేవాళ్లు గమనించాల్సింది ఇదే: ప్రాసెసర్ ఎంత వేగమైనదైనా, దారిలో అడ్డం నిలబడిన డ్రైవర్‌ను దాటి రాలేదు.

అడ్డం నిలబడింది ఎవరో చెప్పే ఉచిత పరికరం లేటెన్సీమాన్. సాఫ్ట్‌వేర్లన్నీ మూసి, వైఫై ఆన్‌లో ఉంచి పది నిమిషాలు నడపాలి. తర్వాత వైఫై, బ్లూటూత్ ఆపి మరో పది నిమిషాలు. రెండుసార్లూ డ్రైవర్స్ ట్యాబ్‌లో ‘హయ్యెస్ట్ ఎగ్జిక్యూషన్’ మీద నొక్కి పైన ఎవరున్నారో కాగితం మీద రాసుకోవాలి. ఒక మిల్లీసెకను దాటినవాళ్లందరూ అనుమానితులే. పైన ‘ఎన్‌డిస్’ అని ఉంటే నెట్‌వర్క్ వైపు, ‘డీఎక్స్‌జీ కెర్నల్’ అని ఉంటే గ్రాఫిక్స్ వైపు, ‘ఏసీపీఐ’ అని ఉంటే బ్యాటరీ, పవర్ నిర్వహణ వైపు చూడాలి. ఈ మూడూ విండోస్ సొంత ఫైళ్లే. వాటి వెనక నిలబడ్డ వైఫై డ్రైవరో, గ్రాఫిక్స్ డ్రైవరో, పాత బయోసో (విండోస్ కన్నా ముందే మొదలయ్యే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అసలు కారణం. ఏసీపీఐ అయితే ముందు ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో బయోస్ అప్‌డేట్ వెతకాలి. పరీక్ష కోసం ఛార్జర్ పెట్టి ఉంచి, డివైస్ మేనేజర్‌లో బ్యాటరీస్ కింద ఏసీపీఐ బ్యాటరీని తాత్కాలికంగా డిజేబుల్ చేసి చూడొచ్చు. ఆ సమయంలో ఛార్జింగ్ ఎంతుందో కనిపించదు కాబట్టి పని కాగానే మళ్లీ ఎనేబుల్ చేయడం మరవకూడదు.

గొంతు రికార్డు చేసేటప్పుడు 128 బఫర్, మిక్సింగ్‌కు 512 లేదా 1024. మిక్సింగ్‌లో ఎవరూ పాడటం లేదు కదా, ఆలస్యం వల్ల నష్టమేమీ లేదు. రికార్డింగ్ సమయంలో వైఫై ఆపేయడం అన్నిటికన్నా చవకైన మందు.

ఇక సౌండ్ కార్డు మాయమయ్యే జబ్బు. యూఎస్‌బీ 2 పోర్టు 500 మిల్లీయాంపియర్ల వరకు, యూఎస్‌బీ 3 పోర్టు 900 వరకు కరెంటు ఇవ్వాలని నియమం. మామూలు మైకుతో బాగా పనిచేసిన కార్డు, కండెన్సర్ మైకు పెట్టి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఆ మైకుకు కార్డు పంపే కరెంటు) వేయగానే పడిపోతుందంటే కరెంటు చాలడం లేదని గుర్తించాలి. కీబోర్డు, పెన్‌డ్రైవ్, డాంగిల్, సౌండ్ కార్డు అన్నీ సొంత అడాప్టర్ లేని ఒకే హబ్‌కు తగిలిస్తే జరిగేదిదే. కార్డును నేరుగా ల్యాప్‌టాప్ పోర్టుకే పెట్టాలి, మిగతావి హబ్‌కు పోవచ్చు. కేబుల్ పొట్టిది వాడాలి. ఫోన్ ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుళ్లలో డేటా తీగలే ఉండవు. కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా డేటా కేబులేనా అని అడిగి తీసుకోవాలి.

కరెంటు సరిపోయినా, కరెంటు మిగిల్చే తాపత్రయంతో విండోస్ తానే పోర్టును నిద్రపుచ్చుతుంది. పవర్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ తెరిచి ‘యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్’ను డిజేబుల్ చేయాలి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌కూ వెళ్లి, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ‘పవర్ ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు’ అన్న అర్థం వచ్చే టిక్కు తీసేయాలి. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ ట్యాబే కనిపించదు, వాటిలో రికార్డింగ్ ముగిసేదాకా ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి పోకుండా చూసుకోవాలి. ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపాలి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్, డ్రైవర్ల స్థితి డిస్కులో దాచి పెట్టి, మర్నాడు అదే స్థితిని తిరిగి తెస్తుంది. నిన్నటి గందరగోళం రీస్టార్ట్ చేస్తేనే పోతుంది, షట్‌డౌన్‌తో పోదు.

డ్రైవర్ మార్చాల్సి వస్తే ఉన్నదాని మీదే ఇంకొకటి రుద్దకూడదు. ముందు సౌండ్ కార్డు తీగ పీకాలి. సెట్టింగ్స్‌లో యాప్స్ నుంచి పాత డ్రైవర్ తీసేసి రీస్టార్ట్ చేయాలి. డివైస్ మేనేజర్‌లో ‘షో హిడెన్ డివైసెస్’ నొక్కి, మసకగా కనిపించే పాత కార్డు ఎంట్రీని అన్‌ఇన్‌స్టాల్ చేస్తూ, డ్రైవర్‌ను కూడా తొలగించే గడిలో టిక్కు పెట్టాలి. మళ్లీ రీస్టార్ట్. తర్వాత కార్డు తయారుచేసిన కంపెనీ సైట్ నుంచే మీ మోడల్, మీ విండోస్ వెర్షన్‌కు సరిపోయేది తెచ్చి వేయాలి. ఇన్‌స్టాలర్ అడిగినప్పుడే తీగ పెట్టాలి. అన్ని కంప్యూటర్లకూ కలిపి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకునే డ్రైవర్ ప్యాక్‌లను స్టూడియో ల్యాప్‌టాప్ దగ్గరికి రానివ్వకూడదు. వాటిలో మన మోడల్‌కు సరిపడనివీ, ఏళ్ల నాటివీ కలిసిపోయి ఉంటాయి.

సరైన డ్రైవర్ వేసినా కార్డు కనపడకపోతే విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ పేజీ చూడాలి. మెమరీ ఇంటిగ్రిటీ ఆన్‌లో ఉంటే కొన్ని పాత డ్రైవర్లను లోడ్ కానివ్వదు. దాన్ని ఆపేస్తే కార్డు పనిచేయవచ్చు గానీ యంత్రానికున్న ఒక రక్షణ పోతుంది, ఇంటర్నెట్‌కు కలిపే ల్యాప్‌టాప్‌లో అలా చేయకపోవడమే మంచిది.

సౌండ్ కార్డు లేకుండా ఆసియో ఫర్ ఆల్ (మామూలు సౌండ్ చిప్‌ను ఆసియో పద్ధతిలో వాడనిచ్చే డ్రైవర్)తో పనిచేసేవాళ్లు, అది ల్యాప్‌టాప్ సొంత సౌండ్ చిప్‌ను తానొక్కటే పట్టుకోవాలని చూస్తుందని గుర్తుంచుకోవాలి. బ్రౌజర్‌లో యూట్యూబ్ మోగుతుంటే గొడవ తప్పదు. శాంపిల్ రేటు తేడా కూడా ఇలాంటిదే. 44,100 దగ్గర రికార్డు చేసిన పాటను మార్చకుండా 48,000 దగ్గర ఆడిస్తే వేగం పెరిగి, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్లు పైకి పోతుంది. ఐదు శ్రుతిలో పాడింది ఐదున్నర దాటి ఆరు దగ్గరికి చేరుతుంది. ప్రాజెక్టులో, కార్డు కంట్రోల్ ప్యానెల్లో, విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మూడు చోట్లా ఒకే అంకె ఉండాలి. వీడియోకు పోయే పాటైతే 48,000.

మన ఊరి ఎండను కూడా లెక్కలో వేసుకోవాలి. నురుగు అంటించి కిటికీ మూసిన గదిలో, ఏప్రిల్, మే నెలల్లో ల్యాప్‌టాప్ మొదటి అరగంట బాగుండి ఆ తర్వాత చిటపట మొదలెడితే, వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందని అర్థం. ఫ్యాన్ దుమ్ము దులిపించి, థర్మల్ పేస్టు మార్పించి, అడుగున గాలి ఆడేలా ఎత్తు మీద పెడితే సరిపోవచ్చు. 65 వాట్ల అడాప్టర్ కావాల్సిన చోట ఫోన్‌ది ఏదో పెట్టి నడిపినా వేగం ఇలాగే పడిపోతుంది. ఛార్జర్ పెట్టినప్పుడే గుయ్యిమనే హమ్ మాత్రం డ్రైవర్‌ది కాదు, ఎర్తింగ్‌ది. దానికి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

మ్యాక్ వాడేవారికి ఒక్క మాట. శబ్దం ఇరుక్కుపోతే యాక్టివిటీ మానిటర్‌లో ‘కోర్ ఆడియో డీ’ అన్న ప్రాసెస్‌ను క్విట్ చేస్తే అది తనంతట తానే మళ్లీ మొదలవుతుంది, చాలాసార్లు రీస్టార్ట్ అవసరం ఉండదు.

రిపేరు షాపుల వారికి నా విన్నపం ఇది. స్టూడియో ల్యాప్‌టాప్ చేతికి రాగానే మినీడంప్ ఫోల్డర్‌ను కాపీ చేసి పెట్టండి. బిల్లు మీద ‘విండోస్ సమస్య’ అని కాకుండా స్టాప్ కోడ్, దొరికిన డ్రైవర్ ఫైలు పేరు, మీరు మార్చిన సెట్టింగు రాసివ్వండి. ఒకసారికి ఒకే మార్పు చేయండి, లేకపోతే దేనివల్ల బాగైందో మీకూ తెలియదు, తెచ్చినవారికీ తెలియదు. ల్యాప్‌టాప్ తెచ్చేవారు కూడా షాపుకు బయలుదేరే ముందు ఆ ఫోల్డర్‌ను, ప్రాజెక్టులను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ప్లగిన్లను డీయాక్టివేట్ చేసి వెళ్లండి. బిల్లు మీద ఆ మూడూ లేకపోతే అడిగి రాయించుకోండి.

ఇట్లు,
ఒక సౌండ్ ఇంజినీరు,
యూసుఫ్‌గూడ, హైదరాబాద్