ఆల్‌టైమ్ హైదరాబాద్ జట్టు: లెక్క తప్పేది ఓపెనర్ల దగ్గరే

సంపాదకులకు,

హైదరాబాద్ ఆల్‌టైమ్ టెస్ట్ జట్టును ఎంచేటప్పుడు చాలామంది సగటులు చూసి పేర్లు రాసేస్తారు. అప్పుడు మిడిలార్డర్‌ నిండిపోతుంది, ఓపెనర్లు మిగలరు. 2000లో సిడ్నీలో ఓపెనర్‌గా 167 కొట్టాడు కదా అని లక్ష్మణ్‌ని పైకి పంపడం పొరపాటు. కోల్‌కతాలో 281 చేసిన మూడో స్థానమే అతనిది.

ఓపెనర్ జైసింహకు జోడీగా ఆబిద్ అలీని దింపాలి. 1967-68 ఆస్ట్రేలియా పర్యటనలో ఆయన సిడ్నీలో ఓపెనర్‌గా 78, 81 చేశాడు. అంతకుముందే అడిలైడ్‌లో, తొలి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. సిరాజ్‌తో కొత్త బంతి పంచుకునే మనిషి కూడా దొరికినట్టే! నాలుగులో అజహర్, ఐదులో అబ్బాస్ అలీ బేగ్.

అసలు చిక్కు స్పిన్‌లో. గులాం అహ్మద్, శివలాల్ యాదవ్, అర్షద్ అయూబ్ ముగ్గురూ ఆఫ్‌స్పిన్నర్లే. 35 టెస్టుల్లో 102 వికెట్లున్నా శివలాల్‌ను పక్కన పెట్టి, 22 టెస్టుల్లోనే 68 తీసిన గులాం అహ్మద్‌నే తీసుకుంటాను. ఎడమచేతి వాటం స్పిన్‌కు ఓజా: 24 టెస్టులు, 113 వికెట్లు. వెంకటపతి రాజు అభిమానులు కోప్పడతారు గానీ, ఆయనవి 28 టెస్టుల్లో 93. కీపర్‌గా 1971 వెస్టిండీస్ పర్యటనలో ఆడిన కృష్ణమూర్తి.

- ఒక పాఠకుడు, హైదరాబాద్