మా పాప చేతులు చూసి ఫోన్ చేసిన లెక్కల టీచర్‌గారికి, ఇంకా అందరికీ

అందరికీ నమస్కారం. ఏడాదిగా మాకు తోడున్నవాళ్లకి ఒక్కొక్కరికీ చెప్పలేకపోయాను. అందుకే ఈ పోస్టు.

ముందు లెక్కల టీచర్‌గారికి. పోయిన చలికాలంలో ఒకరోజు పొద్దున్నే బోర్డు మీద లెక్క చేస్తున్న మా పాప వేళ్లు సున్నంలో ముంచినట్టు తెల్లబడి, కాసేపటికి నీలంగా మారాయట. మేడం వెంటనే ఫొటో తీసి నాకు పంపి, "ఇది ఒట్టి చలి కాదమ్మా, పెద్ద డాక్టర్‌కి చూపించండి" అన్నారు. అప్పటికే దసరాకి కొన్న గాజులు ఉబ్బిన చేతికి ఎక్కడం లేదు. కింద కూర్చుంటే గోడ పట్టుకుని లేచేది. నేనేమో ఎదిగే వయసు నొప్పులనుకున్నాను. ఒకచోట కాల్షియం మాత్రలిచ్చి పంపేశారు.

హైదరాబాద్‌లో పిల్లల రుమటాలజీ (కీళ్లు, కండరాల జబ్బులు చూసే) డాక్టర్‌గారు ఆ ఫొటో చూసి ఏఎన్ఏ, యూ1 ఆర్ఎన్‌పీ అనే రక్తపరీక్షలు రాశారు. రెండూ పాజిటివ్. మిక్స్‌డ్ కనెక్టివ్ టిష్యూ డిసీజ్ అన్నారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బట. అలాంటివే అయిన లూపస్, చర్మం గట్టిపడే స్క్లెరోడెర్మా, కండరాల వాపు, వీటి లక్షణాలు ఒకే ఒంట్లో కలిసి వస్తాయట. పదకొండేళ్ల పిల్లకి ఇన్నా అని నేను ఏడుస్తుంటే, బయట అంత మంది ఉన్నా డాక్టర్‌గారు కాగితం మీద బొమ్మ గీసి ఓపిగ్గా చెప్పారు. "ఇది అంటుకునేది కాదు, నీ తప్పూ అమ్మ తప్పూ లేదు" అని పాపతోనే అన్నారు. ఆ మాటకి ఆయనకి చేతులెత్తి దండం పెడుతున్నాను.

మా వీధి మెడికల్ షాపు అన్నకి కూడా. పాపకి రాసిన మెథోట్రెక్సేట్ అనే మాత్ర వారానికి ఒక్కసారే వేయాలి. పొరపాటున రోజూ వేస్తే ప్రాణం మీదికొస్తుంది. అన్న ప్రతి నెలా స్ట్రిప్ మీద ఎర్ర పెన్నుతో 'ఆదివారం మాత్రమే' అని రాసిస్తాడు.

స్టెరాయిడ్‌తో ముఖం ఉబ్బినప్పుడు ఒక్క మాట కూడా అనని క్లాసు పిల్లలకి, బాటిల్ మూత రాకపోతే తీసిచ్చిన పక్క బెంచీ పిల్లకి, ఎండలో ప్రేయర్ వద్దని క్లాసులోనే కూర్చోబెట్టిన స్కూలువాళ్లకి, వెళ్లిన ప్రతిసారీ ఎల్‌బీ నగర్‌లో ఇంట్లో పెట్టుకుని వండిపెట్టిన మా వదినకి ఎంత చెప్పినా తక్కువే.

మందులు ఏళ్లపాటు వాడాల్సి రావచ్చన్నారు. గుండెకి ఎకో స్కాన్, ఊపిరితిత్తుల పరీక్ష, హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే ఇంకో మందు వాడుతున్నందువల్ల కళ్ల పరీక్ష చేయిస్తూ ఉండాలి. టెన్షన్ పోలేదు గానీ స్టెరాయిడ్ డోసు తగ్గుతోంది.

మేడం, మొన్న సంక్రాంతికి పాప ఆ దసరా గాజులే వేసుకుంది. ఫొటో మీకు పంపాను, చూడండి.