ఆదివారం బైబిల్ స్టడీ: సున్నతి ప్రశ్న

అందరికీ వందనాలు.
ఈ ఆదివారం ఆరాధన అవ్వగానే 12 గంటలకు మేడ మీద గదిలో కలుద్దాం.

ప్రశ్న: యేసును నమ్మిన అన్యజనులు (యూదులు కానివాళ్ళు) సున్నతితో సహా మోషే ధర్మశాస్త్రం పాటించాలా?

అపొస్తలుల కార్యములు 15, గలతీయులకు 2 చదివి రండి. కార్యములు 16:1-3 అస్సలు వదలొద్దు, అసలు చిక్కు అక్కడే ఉంది! గ్రీసువాడైన తీతుకు సున్నతి అంటే పౌలు ఒప్పుకోలేదు. తల్లి యూదురాలైన తిమోతికి మాత్రం తానే చేయించాడు. ఎందుకని? మీ జవాబు రెండు ముక్కల్లో రాసుకొని రండి.

అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర్నుంచి మనుషులు రాగానే వెనక్కి తగ్గాడు కదా, పౌలు అందరి ముందే నిలదీశాడు. దానికే ఎక్కువ టైమ్ పెడదాం.

ఫోన్ కాదు, బైబిలే తెచ్చుకోండి. రాలేనివాళ్ళు శనివారం సాయంత్రంలోగా ఇక్కడే చెప్పండి, టీ లెక్క చూసుకోవాలి.